ఫిజియోథెరపిస్ట్ కావాలంటే: ఇంటర్ నుంచి సొంత క్లినిక్ దాకా ఏం చేయాలి, ఎలా చేయాలి

"బాబూ, ఆ కరెంటేదో పెట్టి పంపించెయ్, పన్నెండింటికి బస్సుంది నాకు."

ఈ మాట నా ఫిజియోథెరపీ క్లినిక్‌లో రోజుకి కనీసం ఇద్దరైనా నాతో అంటారు. మోకాలి ఆపరేషన్ అయి మూడు వారాలైన పెద్దావిడ ఒకావిడ మొన్న ఇదే మాట అంటూ వచ్చి, చెప్పులు విప్పి, అలవాటైన దానిలా బల్లెక్కి పడుకుంది. అంతకుముందు ఎక్కడో పది రోజులు చూపించుకుందట, రోజూ పావుగంట నొప్పి తగ్గించే మెషీన్‌తో కరెంటు పెట్టి పంపేవాళ్లట. మోకాలు వంగడం 60 డిగ్రీల దగ్గరే ఆగిపోయి ఉంది. ఎక్సర్‌సైజులు ఎవరూ చెప్పలేదా అని అడిగితే "కాగితం ఇచ్చారు బాబూ, ఇంగ్లీషులో ఉంది" అంది.

ఈ వృత్తిలోకి రావాలనుకునే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు నన్ను కోర్సు ఎన్నేళ్లు, ఫీజెంత, జీతమెంత, అమెరికా వెళ్లొచ్చా అని అడుగుతారు. అవన్నీ కింద రాశాను. కానీ ఆ పెద్దావిడ మోకాలు వంగేలా చేయడానికి ఏం కావాలో, దానికి మొదటి ఏడాది నుంచే ఎలా తయారవ్వాలో కూడా రాయాలనిపించింది. ఎందుకంటే డిగ్రీ చేతికొచ్చాక కూడా చాలామందికి రానిది అదే. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

1. చేరే ముందు మూడు రోజులు చూడండి

దరఖాస్తు పెట్టే ముందు మీ ఊళ్లోనో దగ్గర్లోని పట్నంలోనో ఏదైనా ఫిజియోథెరపీ విభాగానికి వెళ్లి, "ఇంటర్ చదువుతున్నాను, ఈ కోర్సు చేద్దామనుకుంటున్నాను, ఓ మూలన కూర్చుని చూస్తాను" అని అడగండి. చాలామంది కాదనరు. పేషెంట్ల ఫొటోలు తీయకండి, వాళ్ల సంగతులు బయట చెప్పకండి, అంతే. ఒక్కరోజు సరిపోదు, మూడు రోజులు చూడాలి. మొదటి రోజు అంతా కొత్తగా బావుంటుంది. రెండో రోజు విసుగొస్తుంది, ఎందుకంటే అదే పేషెంటు, అదే చెయ్యి, అదే ఎక్సర్‌సైజు, మార్పేమీ కనపడదు. మూడో రోజు కూడా వెళ్లాలనిపిస్తే, పక్షవాతం వచ్చినాయన వేలు కొద్దిగా కదిలితే మీకు కూడా సంతోషమేస్తే, ఈ పని మీకు పడుతుంది.

ఎంబీబీఎస్ సీటు రాలేదు కాబట్టి ఇందులో చేరదాం అనుకునేవాళ్లకి ఒక మాట. అలా వచ్చి చాలా బాగా రాణించినవాళ్లున్నారు, నా క్లాసులోనే ఉన్నారు. కానీ వాళ్లు ఏదో ఒక దశలో ఆ బాధని పక్కనపెట్టి ఈ పనిని ఈ పనిగా చూడటం మొదలుపెట్టారు. నాలుగేళ్లూ అదే దిగులుతో చదివినవాళ్లు మాత్రం చివరికి వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. ఇంకోటి, ఇది నిలబడి చేసే పని. బరువైన మనిషిని మంచం మీంచి కుర్చీలోకి మార్చాలి, వార్డుల్లో తిరగాలి, నేలమీద మోకాళ్లేసుకుని చిన్నపిల్లలతో ఆడాలి.

2. ఇంటర్, నీట్, ప్రవేశాలు

ఇంటర్లో బైపీసీ ఉండాలి. ఒకేషనల్‌లో ఫిజియోథెరపీ చదివినవాళ్లు బ్రిడ్జి కోర్సు పాసైతే వాళ్లకీ దారి ఉంటూ వచ్చింది, నోటిఫికేషన్లో ఆ వాక్యం చూసుకోండి. కోర్సు పేరు బీపీటీ, అంటే బ్యాచిలర్ ఆఫ్ ఫిజియోథెరపీ. మా రోజుల్లో నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్, మొత్తం నాలుగున్నరేళ్లు. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం ఒక చట్టం చేసింది, దాని కింద జాతీయ కమిషన్ ఏర్పడింది. ఆ కమిషన్ 2025లో తెచ్చిన కొత్త కరిక్యులంలో బీపీటీ ఐదేళ్లు అయింది, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. ప్రవేశానికి నీట్ అన్న షరతు కూడా దాంతోపాటే వచ్చింది. ఇన్నాళ్లూ మన రాష్ట్రాల్లో ఇంటర్ మార్కులతో సీట్లు వచ్చేవి కదా, మా అన్నకి అలాగే వచ్చింది కదా అని నీట్ మానేయకండి. రాసి పెట్టుకోండి, నష్టం లేదు, రాయకపోతే ఏడాది పోవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్లు ఇస్తాయి. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్ విడిగా ఇస్తాయి, ఈ సంగతి తెలియక చాలామంది తేదీ దాటబెట్టుకుంటారు. బయట రాష్ట్రాల్లో వెల్లూరు సీఎంసీ ఉంది. దివ్యాంగుల పునరావాసం కోసం కేంద్రం నడిపే సంస్థలు కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో, కోల్‌కతాలో, ఢిల్లీలో ఉన్నాయి. ఓలట్‌పూర్ సంస్థలో కృత్రిమ కాళ్లు తయారుచేసే విభాగం, రోజువారీ పనులు మళ్లీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ అన్నీ ఒకేచోట ఉంటాయి కాబట్టి కాలు తీసేసిన మనిషి మళ్లీ నడిచే దాకా మొత్తం ప్రయాణం చూడొచ్చు. అది మామూలు కాలేజీల్లో దొరకడం కష్టం.

3. కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగు చూడకండి

మొదట చూడాల్సింది కాలేజీకి అనుబంధంగా ఆసుపత్రి ఉందా, ఉంటే అందులో నిజంగా పేషెంట్లున్నారా అన్నది. ఉదయం పదింటికి చెప్పకుండా వెళ్లి ఫిజియోథెరపీ ఓపీ దగ్గర గంటసేపు నిలబడండి. ఎంతమంది వచ్చారో లెక్కపెట్టండి. మెషీన్ల మీద కవర్లు కప్పి, ఆ కవర్ల మీద దుమ్ముంటే అర్థం చేసుకోండి. ఆర్థో, న్యూరో, ఐసీయూ మూడూ ఉండాలి. ఒట్టి ఆర్థో మాత్రమే ఉన్నచోట చదివితే పక్షవాతం పేషెంటు దగ్గరికి వెళ్లేసరికి చేతులు వణుకుతాయి.

తర్వాత ఫైనలియర్ వాళ్లని బయట టీ కొట్టు దగ్గర పట్టుకుని రెండే ప్రశ్నలు అడగండి: "మీరు స్వయంగా ఎంతమంది పేషెంట్లని చూశారు? అనాటమీకి శవం మీద డిసెక్షన్ చూపించారా, బొమ్మల మీదే చెప్పారా?" ఆఫీసులో ఇచ్చే రంగుల పుస్తకం కంటే ఈ రెండు జవాబులు ఎక్కువ చెబుతాయి. విశ్వవిద్యాలయం అనుబంధ కాలేజీల జాబితాలో ఆ పేరు ఉందో లేదో ఫీజు కట్టే ముందే చూసుకోవాలి, కట్టాక కాదు.

4. మొదటి ఏడాది: అనాటమీని మీ ఒంటి మీదే చదవండి

అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, సైకాలజీ వగైరా ఉంటాయి. అన్నీ పాసవ్వాలి, సరే. కానీ అనాటమీ ఒక్కటి మాత్రం పాసవ్వడానికి చదివితే కుదరదు. ఎంబీబీఎస్ వాళ్లకి లోపలి అవయవాలు ఎంత ముఖ్యమో మనకి కండరం, నరం, కీలు అంత ముఖ్యం. ప్రతి కండరానికీ ఎక్కడ మొదలు, ఎక్కడ చివర, ఏ నరం, ఏం పని అని నాలుగు ప్రశ్నలుంటాయి. వీటిని బట్టీ కొడితే పరీక్ష మర్నాటికి ఎగిరిపోతాయి, నాకూ ఎగిరిపోయాయి.

నేను రెండోసారి చదివినప్పుడు ఇలా చేశాను. రాత్రి స్నానం చేశాక ఒక బాల్‌పెన్ తీసుకుని, ఆరోజు చదివిన కండరాన్ని నా ఒంటి మీద గీసుకునేవాణ్ణి. భుజం చుట్టూ ఉండే నాలుగు రొటేటర్ కఫ్ కండరాలు ఎక్కడున్నాయో పుస్తకంలో చూడటం వేరు, తమ్ముణ్ణి కూర్చోబెట్టి చెయ్యి తిప్పమని చెప్పి వేళ్ల కింద ఆ కండరం బిగుసుకోవడం తెలుసుకోవడం వేరు. మెడ నుంచి చేతికి వచ్చే నరాల అల్లిక, అదే బ్రేకియల్ ప్లెక్సస్, మెడలో ఐదో నరం నుంచి ఛాతీ మొదటి నరం దాకా ఐదు నరాల వేర్లతో మొదలవుతుంది. దాన్ని రోజూ ఒకసారి, చూడకుండా, తెల్లకాగితం మీద గీయండి. నెల తిరిగేసరికి రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది, ఇక జీవితాంతం పోదు.

ఇంకో అభ్యాసం చెబుతాను, దీనికి టైలర్ టేపు చాలు. నడుం ముందువైపు పక్కన చేతికి తగిలే ఎముక మొన ఉంటుంది కదా, అక్కడి నుంచి చీలమండ లోపలి గుబ్బ దాకా కాలు పొడవు కొలవండి. రెండు కాళ్లూ కొలవండి. తర్వాత అమ్మకి, నాన్నకి, లావుగా ఉండే మేనత్తకి, బక్కగా ఉండే తాతయ్యకి కొలవండి. సన్నగా ఉన్న క్లాస్‌మేట్ మీద ఆ మొన వెంటనే దొరుకుతుంది, మేనత్త మీద వెతుక్కోవాలి. రేపు మీ దగ్గరికి వచ్చేది ఎక్కువగా మేనత్తలే.

5. రెండు, మూడు సంవత్సరాలు: చెయ్యి కుదరాలి

ఇక్కడ ఎక్సర్‌సైజ్ థెరపీ, ఎలక్ట్రోథెరపీ, బయోమెకానిక్స్ వస్తాయి, పక్కనే పేథాలజీ, ఆ తర్వాత ఆర్థో, మెడిసిన్, న్యూరో, గుండె, ఊపిరితిత్తులు. గోనియోమీటర్, మోకాలి మీద కొట్టే సుత్తి, టేపు, స్టెతస్కోప్ సొంతంగా కొనుక్కోండి. పెద్ద ఖర్చు కాదు.

గోనియోమీటర్ అంటే కీలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో చూసే స్కేలు. చూడటానికి చిన్నపిల్లల ఆటవస్తువులా ఉంటుంది, దాన్ని సరిగ్గా పెట్టడం మాత్రం నేర్చుకోవాలి. మోకాలికి కొలిచేటప్పుడు మధ్య చుక్క మోకాలి బయటి వైపు ఎముక గుబ్బ మీద, ఒక చెయ్యి తొడ పక్కగా తుంటి ఎముక వైపు, రెండోది చీలమండ బయటి గుబ్బ వైపు ఉండాలి. ఒకే మోకాలిని మీరు మూడుసార్లు, మీ స్నేహితుడు మూడుసార్లు కొలిచి చూడండి, ఆరు అంకెలూ దగ్గర దగ్గరగా వచ్చేదాకా వదలొద్దు. ఎందుకంటే ఆ అంకె మీదే సర్జన్‌తో మాట్లాడతారు. నిన్న 75, ఇవాళ 80 అంటే పెరిగిందా, లేక మీ స్కేలు జరిగిందా అన్నది మీకే తెలియకపోతే వైద్యం గుడ్డిగా నడుస్తుంది.

కండరం బలానికి 0 నుంచి 5 దాకా మార్కులుంటాయి. భూమ్యాకర్షణకి ఎదురుగా పూర్తిగా ఎత్తగలిగితే 3, ఎత్తలేక పక్కకి మాత్రం జరపగలిగితే 2, వేళ్ల కింద చిన్న అదురు మాత్రమే తెలిస్తే 1. ఈ 1కి, 0కి తేడా పట్టుకోవడంలోనే చేతి పనితనం ఉంది. చెయ్యి పూర్తిగా పడిపోయిందని ఇంట్లోవాళ్లు వదిలేసిన మనిషి మణికట్టు కండరం మీద వేళ్లు పెట్టినప్పుడు ఆ చిన్న అదురు తగిలితే, ఆరోజు ఇంటికెళ్లాక కూడా గుర్తుంటుంది.

ఇక కరెంటు సంగతి. నొప్పికి కరెంటు పెట్టే టెన్స్, ఐఎఫ్‌టీ, శబ్ద తరంగాలతో పనిచేసే అల్ట్రాసౌండ్, లోతుగా వేడి పెట్టే షార్ట్‌వేవ్, వేడి మైనం, ఇవన్నీ నేర్చుకోవాలి, పరీక్షల్లో అడుగుతారు, నొప్పి కొంత తగ్గించి ఎక్సర్‌సైజుకి దారి చేయడానికి పనికొస్తాయి కూడా. అల్ట్రాసౌండ్‌లో లోతుకి 1 మెగాహెర్ట్జ్, పైపైన 3 మెగాహెర్ట్జ్, హెడ్ ఒకేచోట ఆపకూడదు. షార్ట్‌వేవ్ పెట్టే ముందు ఒంట్లో రాడ్డు, ప్లేటు, పేస్‌మేకర్ ఉన్నాయా అని అడగడం మర్చిపోతే ప్రమాదం. వేడి ఏది పెట్టినా ముందు ఆ చోట స్పర్శ ఉందో లేదో చూడాలి, ఒక గొట్టంలో వేడినీళ్లు, ఒకదాంట్లో చన్నీళ్లు పోసి, కళ్లు మూయించి ఏది వేడో చెప్పమనాలి. ఒక్క నిమిషం పని.

ఆ ఒక్క నిమిషం నేను ఇంటర్న్‌గా ఉన్నప్పుడు మిగుల్చుకున్నాను. రద్దీ రోజు, బయట పాతికమంది కూర్చుని ఉన్నారు, ఒక పెద్దాయన కాలికి హాట్ ప్యాక్ పెట్టాను, స్పర్శ చూడలేదు. ఆయనకి పద్దెనిమిదేళ్లుగా షుగర్. ప్యాక్ తీసేసరికి పిక్క మీద రూపాయి బిళ్లంత బొబ్బ. ఆయన తిట్టలేదు, "నాకు వేడే తెలియలేదు బాబూ" అన్నాడు, అంతే. ఆ పుండు మానడానికి అయిదు వారాలు పట్టింది, అన్ని రోజులూ నేనే కట్టు కట్టించడానికి వెంట వెళ్లాను. ఇప్పటికీ నా బల్ల పక్కన ఆ రెండు గొట్టాలూ ఉంటాయి.

6. పేషెంటు తెలుగు నేర్చుకోండి

ఇది ఏ సిలబస్‌లోనూ లేదు. నన్నడిగితే సగం వైద్యం ఇదే. మనం చదివేదంతా ఇంగ్లీషులో, మన దగ్గరికి వచ్చేవాళ్లు బాధ చెప్పేది తెలుగులో, అదీ వాళ్ల ఊరి తెలుగులో. కోస్తాలో "కాలు పీకేస్తోంది" అంటారు, తెలంగాణలో "గుంజుతుంది" అంటారు. సలుపుతోంది, లాగుతోంది, తిమ్మిరెక్కింది, మంటగా ఉంది, జివ్వుమంటోంది, పొడుస్తోంది, పట్టేసింది, బరువెక్కింది. ఇవన్నీ ఒకటి కావు. మంట, తిమ్మిరి, పిరుదు నుంచి కాలు చివరిదాకా జివ్వుమని దిగడం అన్నవి నరం వైపు చూపిస్తాయి. "పొద్దున్నే లేవగానే పట్టేస్తుంది" అంటే ఎంతసేపు అని అడగండి. పది నిమిషాలు అటూ ఇటూ తిరిగితే వదిలేస్తే అరుగుదల అనుకోవచ్చు, అరగంట దాటినా వదలకపోతే, వేళ్ల కణుపులు కూడా వాస్తే, వాత సంబంధమైన జబ్బేమో రుమటాలజిస్టుకి చూపించాలి. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, పేషెంట్లు వాడిన మాటలు, చివరికి తేలిన జబ్బు పక్కపక్కన రాసుకోండి. నా దగ్గర అలాంటివి నాలుగున్నాయి, ఇంకా రాస్తూనే ఉన్నాను.

తర్వాత చెప్పడం. "క్వాడ్రిసెప్స్ ఐసోమెట్రిక్స్ పది సార్లు, మూడు సెట్లు" అని కాగితం మీద రాసిస్తే ఎవరూ చేయరు. నేను ఆ పెద్దావిడతో ఏమన్నానంటే, "అమ్మా, తువ్వాలు ఇలా చుట్టచుట్టి మోకాలి కింద పెట్టుకో. ఇప్పుడు మోకాలితో ఆ తువ్వాల్ని మంచానికేసి నొక్కు. ఇదిగో, తొడ మీద చెయ్యి వేసి చూడు, రాయిలా అయిందా? అలాగే ఉంచి ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టు. వదిలెయ్. కాఫీ తాగే ముందు పదిసార్లు, అన్నం తినే ముందు పదిసార్లు, సీరియల్ మొదలవగానే పదిసార్లు." ఎక్సర్‌సైజుని ఇంట్లో ఎటూ జరిగే పనికి కట్టాలి, గడియారానికి కడితే మర్చిపోతారు. మర్నాడు వచ్చినప్పుడు "చేశావా?" అని అడగకూడదు, అడిగితే అందరూ చేశాననే అంటారు. "ఏదీ, ఒకసారి చేసి చూపించు" అనాలి. చేసినవాళ్ల చెయ్యి తిన్నగా తువ్వాలు వైపు వెళ్తుంది, చేయనివాళ్లు మీ మొహం వైపు చూస్తారు.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. ఇంట్లో ఏ రకం మరుగుదొడ్డి? నేలమీద బాసింపట్టు వేసుకుని తింటారా, కుర్చీలోనా? వీధరుగుకి మెట్లెన్ని? పొలం పనికి వెళ్లాలా? కుర్చీలోంచి లేవాలంటే మోకాలు 90 డిగ్రీలు, కొంచెం పైనా వంగాలి. గొంతుక్కూర్చోవాలంటే 130 కూడా దాటాలి. 95 దగ్గర "బాగా వచ్చింది" అని పంపేస్తే, ఇంట్లో కింద కూర్చునే దొడ్డి ఉన్న మనిషి ఏం చేస్తుంది? మార్చిన మోకాలితో గొంతుక్కూర్చోవద్దని చాలామంది సర్జన్లు చెబుతారు, అప్పుడు కమోడ్ కుర్చీ గురించి ఇంట్లోవాళ్లతో మాట్లాడాల్సింది కూడా మనమే.

నాటుకట్టు, తైలం, మాలిష్ గురించి వెటకారంగా మాట్లాడకండి. ఇంట్లో పెద్దవాళ్లు నమ్మిందాన్ని వెక్కిరిస్తే రేపట్నుంచి మీ దగ్గర దాస్తారు, దాస్తే ఇంకా ప్రమాదం. మోచేతి దగ్గర ఎముక విరిగిన పిల్లాడికి కట్టు విప్పాక గట్టిగా నూనె మర్దనా చేసి, బలవంతంగా వంచితే కండరంలోనే ఎముకలా గట్టిపడి చెయ్యి శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు. ఆ సంగతి మాత్రం అమ్మమ్మని ఎదురుగా కూర్చోబెట్టి, కోపం లేకుండా, ఎక్స్‌రే చూపించి చెప్పాలి.

7. ఇంటర్న్‌షిప్‌లో ఎక్కడెక్కడ తిరగాలి

కొంతమంది ఇంటర్న్‌షిప్‌ని సర్టిఫికెట్ కోసం నడిపేస్తారు. ఒకేచోట కూర్చుని మెషీన్లు ఆన్ చేసి ఆఫ్ చేస్తారు. మీరు అడిగి మరీ ఐసీయూకి వెళ్లండి, ఊపిరితిత్తుల్లో కఫం ఎలా కదిలిస్తారో, వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని ఎలా పక్కకి తిప్పుతారో చూడండి. కాలిన గాయాల వార్డుకి వెళ్లండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల దగ్గరికి వెళ్లండి. పక్షవాతం వార్డులో వారం రోజులు ఉంటే ఒకటి తప్పకుండా చూస్తారు: బంధువులు పేషెంటుని లేపేటప్పుడు పడిపోయిన చేతినే పట్టుకుని లాగుతారు, ప్రేమతోనే. భుజం చుట్టూ కండరాలు వదులైపోయి ఉంటాయి కాబట్టి ఆ లాగుడికి కీలు జారుతుంది, నొప్పి మొదలవుతుంది, ఆ నొప్పి వల్ల తర్వాత నెలల తరబడి చెయ్యి ముట్టుకోనివ్వరు. మొదటి రోజే బంధువుకి చూపించండి, చెయ్యి కాదు, వీపు వెనక భుజం ఎముక కింద చెయ్యి వేసి లేపాలని. మీరు ఒకసారి చేసి, వాళ్లచేత ఒకసారి చేయించండి.

మన చెయ్యి వేయకూడని సందర్భాలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. ఆపరేషన్ తర్వాత పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే మర్దనా చేయొద్దు, నడిపించొద్దు, వెంటనే డాక్టర్‌కి చెప్పండి, లోపల రక్తం గడ్డ ఉంటే ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. నడుంనొప్పితో వచ్చిన మనిషి మూత్రం తెలియట్లేదనో, తొడల మధ్య మొద్దుబారిందనో అంటే అదేరోజు సర్జన్ దగ్గరికి పంపాలి. రాత్రిళ్లు ఎటు తిరిగినా తగ్గని నొప్పి, బరువు తగ్గిపోవడం, జ్వరం ఉంటే ముందు పరీక్షలు. ఎడమ భుజం నొప్పి మెట్లెక్కితే వచ్చి, కూర్చుంటే తగ్గుతూ, చెమటలు పడుతుంటే అది భుజం కాకపోవచ్చు. మూతి వంకర పోయిందని వస్తే నుదురు ముడతలు పడేలా కనుబొమ్మలు ఎత్తమనండి. ఆ వైపు నుదురు కూడా కదలకపోతే ముఖం నరానికి సంబంధించింది కావచ్చు. నుదురు బాగా కదులుతూ కింద మూతి మాత్రమే వంకరగా, చెయ్యి కూడా బరువుగా ఉంటే మెదడు సంగతి, ఒక్క నిమిషం ఆలస్యం చేయొద్దు.

చూసిన ప్రతి కేసూ రాసుకోండి. మొదటి రోజు ఎన్ని డిగ్రీలు, ఎంత బలం, ఎంత దూరం నడిచారు, వారం తర్వాత ఎంత.

8. డిగ్రీ చేతికొచ్చాక

ముందు రిజిస్ట్రేషన్. 2021 చట్టం ప్రకారం రాష్ట్ర కౌన్సిళ్లలో నమోదు తప్పనిసరి అవుతుంది, మీ రాష్ట్రంలో ఎంతవరకు వచ్చిందో చూసి చేయించుకోండి. పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చా అన్న గొడవ 2025లో పెద్దదైంది, కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ వద్దని ఉత్తరం ఇచ్చి మర్నాడే వెనక్కి తీసుకుంది. పెట్టుకున్నా, మీరు ఫిజియోథెరపిస్ట్ అన్న సంగతి పేషెంటుకి స్పష్టంగా తెలియాలి అన్నది నా అభిప్రాయం.

ఎంపీటీ, అంటే ఫిజియోథెరపీలో పీజీ, రెండేళ్లు. ఆర్థో, న్యూరో, కార్డియో, స్పోర్ట్స్, పిల్లలు ఇలా విభాగాలుంటాయి. డిగ్రీ అవ్వగానే చేరిపోకుండా ఒక ఏడాది ఉద్యోగం చేసి చేరితే మంచిదని నేననుకుంటాను, ఏది నచ్చుతుందో అప్పటికి తెలుస్తుంది. మా బ్యాచ్‌లో సగంమంది స్పోర్ట్స్ అన్నారు. టీవీలో క్రికెట్ మైదానంలోకి పరిగెత్తే ఫిజియోని చూసి అందరికీ అదే కావాలనిపిస్తుంది, ఆ ఉద్యోగాలు చాలా తక్కువ. పక్షవాతం పేషెంట్లు, ముసలివాళ్లు, ఎదుగుదల ఆలస్యమైన పిల్లలు మాత్రం ప్రతి మండలంలోనూ ఉన్నారు.

ప్రభుత్వ ఉద్యోగాల్లో రైల్వే పారామెడికల్ నోటిఫికేషన్లలో ఫిజియోథెరపిస్ట్ పోస్టులు వస్తుంటాయి, ఈఎస్ఐ ఆసుపత్రుల్లో ఉంటాయి. జిల్లాల్లో పిల్లల ఎదుగుదల లోపాలు ముందే గుర్తించే కేంద్రాల్లో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో తీసుకుంటారు, ఎక్కువగా కాంట్రాక్టు పద్ధతిలో. జీతం గురించి దాచడం ఎందుకు, ప్రైవేటులో మొదటి ఉద్యోగం జీతం చూసి కళ్లలో నీళ్లు తిరుగుతాయి, నాకూ తిరిగాయి. ఆ రెండేళ్లు జీతం కంటే పేషెంట్ల సంఖ్య, నేర్పే సీనియర్ ఉన్నారా లేదా అన్నవి చూసి చేరండి. సాయంత్రాలు ఇంటికెళ్లి చేసే విజిట్లు ఆదాయానికి ఆధారం అవుతాయి. ఆడపిల్లలకి ప్రత్యేకంగా చెబుతున్నాను: మొదటి విజిట్‌కి ఒంటరిగా వెళ్లకండి, పేషెంటు బంధువు గదిలో ఉండాలని ముందే చెప్పండి, అడ్రసు ఇంట్లో ఎవరికైనా పంపి వెళ్లండి, ఇబ్బందిగా అనిపిస్తే రెండోసారి వెళ్లనక్కర్లేదు, ఎవరికీ కారణం చెప్పనక్కర్లేదు.

విదేశాల గురించి క్లుప్తంగా. అమెరికాలో అక్కడి పిల్లలకి ఇది డాక్టరేట్ స్థాయి కోర్సు. మనం వెళ్లాలంటే ముందు మన చదువు వాళ్ల చదువుతో సమానమా అని మదింపు చేయించాలి, తక్కువైన సబ్జెక్టులు చదవాలి, ఇంగ్లీషు పరీక్ష, తర్వాత ఎన్‌పీటీఈ అనే లైసెన్సు పరీక్షలో 800కి 600 స్కోరు రావాలి. బ్రిటన్‌లో హెచ్‌సీపీసీ అనే నియంత్రణ సంస్థలో రిజిస్ట్రేషన్, ఆస్ట్రేలియాలో అక్కడి ఫిజియోథెరపీ కౌన్సిల్ మదింపు, దుబాయ్, సౌదీ లాంటి చోట్ల సర్టిఫికెట్ల పరిశీలన, ఆపైన లైసెన్సు పరీక్ష. ఎక్కడికైనా సరే, మీ సిలబస్ మొత్తం కాపీ, ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు, ఏ వార్డులో ఎన్ని గంటలు పనిచేశారు అన్నది కాలేజీ సంతకంతో కావాలి. కాలేజీ వదిలే ముందే తీసుకుని భద్రపరచండి. పదేళ్ల తర్వాత వెళ్లి అడిగితే ప్రిన్సిపాల్ మారి ఉంటారు, ఫైళ్లు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు.

9. సొంత క్లినిక్ పెడితే

కనీసం మూడు నాలుగేళ్లు వేరేచోట పనిచేశాక పెట్టండి. అద్దె తక్కువని మేడమీద తీసుకోకండి, మన దగ్గరికి వచ్చేవాళ్లు మెట్లెక్కలేకే వస్తారు. అప్పు చేసి మెషీన్లతో గది నింపకండి. నేను మొదట కొన్నవి: గట్టి చెక్క బల్ల, నిలువుటద్దం, నడక కోసం రెండు పక్కలా పట్టుకునే ఇనుప కడ్డీలు, ఇసుక సంచులు, ఒక టెన్స్ మెషీను. అద్దం ఎందుకంటే, పక్కకి ఒరిగి నడిచే మనిషికి "తిన్నగా నడు" అని వందసార్లు చెప్పే బదులు, తనని తాను చూసుకుంటే చాలా తొందరగా సర్దుకుంటాడు. వారానికి ఒకరోజు చదువుకి పెట్టుకోండి. పెడ్రో అనే ఉచిత ఆన్‌లైన్ డేటాబేస్ ఆస్ట్రేలియావాళ్లు నడుపుతున్నారు, ఏ ఎక్సర్‌సైజుకి ఎంత రుజువుందో అందులో వెతకొచ్చు. సెప్టెంబర్ 8న ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవం, ఆరోజు ఊరి బడిలోనో రచ్చబండ దగ్గరో ఉచిత శిబిరం పెడితే మీ గురించి బోర్డు కంటే ఎక్కువమందికి తెలుస్తుంది.

వడ్రంగి చేత మూడు మెట్లు చేయించాను, ఒక్కోటి ఏడంగుళాల ఎత్తు, ఒకవైపు పట్టుకోవడానికి కర్ర. ఆ పెద్దావిడ వాళ్ల వీధరుగు మెట్లు కూడా సుమారు అంతే ఎత్తు, వాళ్లబ్బాయిని ఫోన్లో అడిగి కొలిపించాను. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. నాలుగో వారం ఆవిడ వాటిమీద ఆరుసార్లు ఎక్కి దిగింది. మోకాలు 98 దాకా వచ్చింది. కరెంటు పెట్టమని ఆరోజు అడగలేదు, తువ్వాలు ఇంటి నుంచే తెచ్చుకుంది.